పలుచని మైనం

మా ఆంజే పట్టణంలో చదువు రానివాళ్లకు కరువు లేదు. ఆ మాటకొస్తే గుర్రాలున్న దొరల్లోనే సగం మందికి తమ పేరు ఎక్కడ రాసి ఉందో తెలియదు. కానీ చదువు రాకపోవడమే ఉద్యోగంగా చేసుకుని, ఇరవయ్యారేళ్లు దాని మీద పరువుగా బతికిన మనిషి మా ఊళ్లో ఒక్కతే ఉండేది. ఆమె పేరు గిబూర్. వడ్రంగి బెరో భార్య.

వాళ్ల ఇల్లు పెద్ద చర్చి నుంచి ఏటి వైపు దిగే వాలు వీధిలో ఉండేది. ముందు గదిలో బెరో బీచ్ చెట్టు చెక్క కోసి, చిత్రిక పట్టి, రెండు అరచేతులంత పలకలు చేసేవాడు. చుట్టూ అంచు వదిలి మధ్యలో లోతుగా తొలిచేవాడు. వెనక గదిలో గిబూర్ మైనం కరిగించి, మసి కలిపి, తొలిచిన చోట పోసేది. ఎండాకాలానికి చిటికెడు చెట్టుబంక, చలికాలానికి చిటికెడు కొవ్వు కలిపే ఆ పాళ్లు ఆమెకు కూరలో ఉప్పు తెలిసినట్టు తెలుసు. అలాంటివి రెండు ఎదురెదురుగా మూసి తోలు వారుతో కడితే చాలు, పంతుళ్లకు అదే పుస్తకం, అదే ఉత్తరం. గంటంతో రాయడం, గంటం వెనకున్న బల్లపరుపు కొసతో రుద్దడం, మళ్లీ రాయడం. రుద్దాక మైనం మీద ఏమీ మిగలదు.

ఒక ఏడాది ద్రాక్ష కోతలు అయిన వారంలో గోబెర్ పంతులుగారు అంగడికి వచ్చాడు. పెద్ద చర్చి బడిలో పాఠాలు చెప్పేవాడు. ముప్పై దాటిన మనిషి, మూటలు మోసేవాడి భుజాలు, చెయ్యి కూడా అలాంటిదే. నెలకో గంటం విరగ్గొడతాడని బడి పిల్లలు చెప్పుకునేవాళ్లు. రెండు పలకలు తీసుకుని, వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“అమ్మాయ్, నీకు చదువొచ్చా?”

“రాదండీ పంతులుగారూ.”

“ఒక్క అక్షరం కూడా?”

“మా ఇంట్లో చదువొచ్చింది ఆ పిల్లి ఒక్కదానికేనండి. అది మీ బడి వసారాలో పుట్టింది.”

“మరి నోరో?”

“నోరుందండీ. దానికి తాళమూ ఉంది.”

“అయితే నువ్వే కావాలి,” అన్నాడు పంతులుగారు నవ్వి.

ఆయన వెళ్లగానే బెరో చిత్రిక ఆపాడు. “చూశావా, నాకొచ్చిన పని నేర్చుకోడానికి పదేళ్లు పట్టింది. నీకేమో రానిదానికే పని దొరికింది.”

“నాకు రానివి ఇంకా చాలా ఉన్నాయి. నీతో వేగడం కూడా నాకు రాదు. దానికి ఎవరూ ఏమీ ఇవ్వట్లేదు,” అంది గిబూర్.

పని చిన్నదే. పంతులుగారి పలకను బుట్టలో పెట్టుకుని, మేన్ నది వంతెన దాటి, అవతలి ఒడ్డున ఉన్న సెయింట్ లుబేన్ మఠంలో మిలెసాంద్ అమ్మగారి చేతికివ్వాలి. ఆవిడ అక్కడి అమ్మాయిలకు లాటిను చెప్పే సన్యాసిని. ఆవిడ చదివి, ఆయన అక్షరాలను చెరిపి, అదే మైనం మీద జవాబు రాసి ఇస్తే తిరిగి తేవాలి. ఆయన చదివి ఆవిడ అక్షరాలను చెరిపేస్తాడు. ఊరి నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఎవరికీ దొరకలేదు.

వాళ్లిద్దరి పరిచయం ఒక చావుతో మొదలైంది. మఠాధిపతి ఎవరైనా పోతే ఆ కబురు పొడవాటి తోలు చుట్టగా మఠం నుంచి మఠానికి తిరుగుతుంది, చదువున్నవాళ్లు దాని మీద తలా రెండు పద్యాలు రాసి పంపుతారు. అలా తిరిగిన చుట్టలో మిలెసాంద్ పద్యం గోబెర్ కంట పడింది. రెండో పాదంలో నడక తప్పిందని ఆయన రాసి పంపాడు. తప్పింది పద్యం నడక కాదు, చదివినవారి చెవి అని ఆవిడ జవాబిచ్చింది. ఇక చూసుకోండి. చచ్చిపోయిన ఆ పెద్దమనిషి ఎవరో ఇద్దరికీ మళ్లీ గుర్తు రాలేదు.

అది ప్రేమ అని గిబూర్‌కు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. ఆమెకు అక్షరాలు రావు గానీ మొహాలు చదవడం వచ్చు. మిలెసాంద్ కిటికీ దగ్గర నిలబడి చదువుతూ ఒకరోజు చెవుల దాకా ఎర్రబడేది, ఒకరోజు “మూర్ఖుడు” అని బల్ల గుద్దేది, ఆ రోజే జవాబు ఎక్కువ పొడవుగా రాసేది. ఇవతల పంతులుగారు పలక విప్పేముందు చేతులు కడుక్కునేవాడు. ఇరవయ్యారేళ్లలో ఇద్దరూ ఎదురుగా మాట్లాడుకున్నది నాలుగుసార్లు, అదీ ఊరేగింపుల్లో, పదిమంది మధ్య. వాళ్లకు అది చాలకపోలేదు. చాలినట్టే కనిపించేది.

మొదటిరోజే మిలెసాంద్ గిబూర్‌ను చర్చిలోకి తీసుకెళ్లి, సెయింట్ లుబేన్ వేలి ఎముక ఉన్న వెండి పెట్టె మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించింది. పాత మైనం గీకినప్పుడు ఆ రోజే కరిగించేయాలి, వాళ్ల రాతలో ఒక్క గీత కూడా లోకంలో మిగలకూడదు. గిబూర్ ఒట్టు వేసింది. మంచి మనసుతోనే వేసింది.

ఆ మొదటి చలికాలం మంచు గట్టిగా పడింది. గిబూర్ అప్పుడు కడుపుతో ఉంది. వంతెన మీద గాలికి ఎదురు నడిచి, మఠం గుమ్మంలోకి వచ్చేసరికి కళ్లు తిరిగి పడిపోయింది. ద్వారం చూసుకునే బెర్తాద్ సన్యాసిని ఆమెను పొయ్యి దగ్గరికి ఈడ్చి మొహాన నీళ్లు కొట్టింది. ఆ తర్వాతి వారం నుంచి ఒక ఆచారం మొదలైంది. మిలెసాంద్ పలక తెరిచేది, పై వరసల మీద ఒక్క చూపు వేసి మూసేసేది. “బెర్తాద్, జావ” అనేది. గిబూర్ పొయ్యి పక్కన కూర్చుని చిక్కుడుగింజల జావ, రొట్టె తినేది. గిన్నె ఖాళీ అయ్యాకే ఆవిడ పలక మళ్లీ తెరిచి చదువుకునేది.

“పోపుగారి మనిషి వచ్చినా ఇక్కడ ఇంత జావ పొయ్యరు. నీలో ఏం చూసిందో ఈవిడ,” అని బెర్తాద్ గిన్నె ఠంగున కింద పెట్టేది.

మఠం ఆచారం కాబోలు అనుకుంది గిబూర్. మిగతా ఊరివాళ్లకు ఆ గుమ్మంలో మంచినీళ్లు కూడా పుట్టవని తెలిసినప్పుడు కొంచెం గర్వపడింది కూడా. ఆ మాట బెరోతో అంటే, “నీ మొహం చూస్తే ఎవరికైనా ఆకలిదానివనే అనిపిస్తుంది,” అన్నాడు.

తప్పు కూడా ఆ చలికాలమే జరిగింది. చలికి ఊళ్లో సగం తేనెటీగలు చచ్చాయి, మైనం దొరకడం గగనమైంది. గిబూర్ అసలే పిల్లికి బిచ్చం వెయ్యని మనిషి. గోరు మందం పోయాల్సిన చోట ఉల్లిపొర మందం పోసింది. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. ఈస్టరుకు పలక బాగు చేద్దామని మైనం గీకితే, కింద చెక్క మీద సన్నటి గీతలు వరసలు వరసలుగా ఉన్నాయి. పంతులుగారి బండచెయ్యి ఆ పలుచని మైనాన్ని చీల్చి చెక్కలోకి దిగిపోయింది.

బెరోకిచ్చి చిత్రిక పట్టిద్దామంటే, తన చెక్క మీద గీతలెందుకు పడ్డాయని ఆరా తీస్తాడు, మైనం సంగతి బయటపడుతుంది. పొయ్యిలో వేద్దామంటే చెయ్యి రాలేదు. మంచి బీచ్ చెక్క మరి. చివరికి కొత్త పలక పోసి పంతులుగారికిచ్చి, పాతదాన్ని పెరట్లో తేనెటీగల కోసం గడ్డితో అల్లిన తేనెబుట్ట కింద పీటలా పెట్టేసింది. ఒట్టు మైనం గురించి గానీ చెక్క గురించి కాదు కదా అని తనకు తాను నచ్చజెప్పుకుంది. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆమె పని, అరవడానికి లేదు.

ఇకనుంచి మందంగా పోద్దామని ఆమె నిజంగానే అనుకుంది. కానీ ఆ వారమే పంతులుగారు, “నీ పలకలంత హాయిగా ఎవరివీ ఉండవమ్మాయ్. నల్లటి మైనంలోంచి అక్షరం తెల్లగా కనిపిస్తుంది,” అని మెచ్చుకున్నాడు. తెల్లగా కనిపించేది చెక్క అని ఆయనకు తెలియదు. మెప్పు అంత తేలిగ్గా వదులుకునే వస్తువా? మైనం మళ్లీ ఎప్పటిలా దొరికినా గిబూర్ పలుచగానే పోసింది. రెండు మూడేళ్లకొక పలక గీతలు నిండి తేనెబుట్ట కిందికి చేరింది. ఇరవయ్యారేళ్లలో అలాంటివి పదకొండయ్యాయి.

ఈలోగా ఆమె కూతురు పుట్టి, పెరిగి, ఏటి దిగువన పిండిమర వాడి ఇంటికి కోడలైంది. తర్వాత పుట్టిన ఇద్దరు కొడుకులూ జ్వరాలకు పోయారు. ఆ రెండుసార్లూ మిలెసాంద్ పలక పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చదువుకున్నవాళ్లకు మాటలు దొరకని రోజులుంటాయని గిబూర్‌కు అప్పుడే తెలిసింది. ఊళ్లో ఎవరికీ లేని చోటు ఆ గదిలో తనకుందని కూడా అప్పుడే అనిపించింది.

ఇరవయ్యారేళ్లు నిండాక, నవంబరులో సెయింట్ మార్టిన్ పండగకు నాలుగు రోజుల ముందు గోబెర్ పంతులుగారు పోయాడు. అప్పటికి అరవైకి దగ్గర పడ్డాడు, పక్షం రోజులు దగ్గి, నిద్రలో వెళ్లిపోయాడు. తలగడ పక్కనున్న పలకను ఎవరి కంటా పడకముందే గిబూర్ తీసుకెళ్లి మిలెసాంద్‌కిచ్చింది. మైనం నున్నగా ఉంది. చెరిపాడు, రాయడానికి వ్యవధి చిక్కలేదు.

క్రిస్మస్‌కు తను పోసిన కొవ్వొత్తులు అమ్మడానికి తీసుకుని వెళితే మిలెసాంద్ కిటికీ దగ్గర ఖాళీ చేతులతో కూర్చుని ఉంది.

“గిబూర్, నాకు ఒక భయం పట్టుకుంది. ప్రతి అక్షరాన్నీ నా చేత్తోనే చెరిపాను. అన్నీ మనసులో ఉన్నాయిలే అనుకున్నాను. ఇప్పుడు గుర్తు చేసుకుంటుంటే ఆయన మాటలు నా మాటల్లా వినిపిస్తున్నాయి. ఆయన ఎలా అన్నాడో పోయింది. ఒక్క గీత మిగుల్చుకున్నా బావుండేది.”

గిబూర్ నోటిదాకా వచ్చింది మాట. మింగేసింది. కొవ్వొత్తులు పెట్టి, పొయ్యి వైపు ఒకసారి చూసింది. ఆ రోజు ఎవరూ జావ అనలేదు. ఉత్తరాలు మోసే మనిషికే ఆ మర్యాద, కొవ్వొత్తులు అమ్ముకునేదానికి కాదు కాబోలు అనుకుని ఆకలితోనే వంతెన దాటింది. అడుగుదామా అంటే అడగదగ్గ మాట కాదు.

ఇంటికొచ్చి బెరో ముందు అంతా కక్కేసింది, పలుచని మైనంతో మొదలుపెట్టి. ఇరవయ్యారేళ్లు తన చెక్క మీద ఇంత జరిగిందా అని అతను ఒక పూటంతా విసురుగా చిత్రిక పడుతూనే ఉన్నాడు. సాయంత్రం తనే కదిపాడు.

“పట్టుకెళ్లి ఇచ్చెయ్యవే. చేసిన పాపం చెబితే పోతుందంటారు.”

“పాపం ఒక్కటే పోతే ఎప్పుడో చెప్పేదాన్ని. మైనంలో మోసం చేశానని, వేలి ఎముక మీద ఒట్టేసి తప్పానని తెలిశాక ఆవిడ మళ్లీ నా మొహం చూస్తుందా? ఆ గదిలో తప్ప నాకు ఈ ఊళ్లో ఎవరయ్యా కూర్చోమని పీట వేసింది?”

“వెయ్యకపోతే ఇంట్లో పీటలున్నాయి, నేను చేసినవే. ఆవిడ అడిగినది నీ దగ్గరుంది. ఉంచుకుని జావ ఎలా దిగుతుంది నీకు?”

“జావ కూడా లేదులే ఇప్పుడు,” అంది గిబూర్.

జనవరి అంతా ఆమె ఎటూ తేల్చుకోలేదు. బెరో మాత్రం గొణుక్కుంటూ పదకొండు కొత్త చెక్కలు కోశాడు. ఫిబ్రవరి మొదట్లో వచ్చే కొవ్వొత్తుల పండగ ముందు రోజు పొద్దున్నే, చలికి తేనెటీగలన్నీ ముద్దకట్టి కదలకుండా ఉన్న వేళ, ఇద్దరూ కలిసి బుట్టలు ఒక్కొక్కటీ మెల్లగా ఎత్తి పలకలు మార్చారు. ఈగలు తమ బంకను గీతల్లో మెత్తి మెత్తి పెట్టాయి. లేత రంగు చెక్క మీద రాత చిక్కటి గోధుమరంగులో తేలింది.

“బాగానే చెక్కాడు పంతులు,” అన్నాడు బెరో.

గిబూర్ పలకలు అడుగున పెట్టి, పైన కొవ్వొత్తులు సర్ది, వంతెన దాటింది. ద్వారం దగ్గర బెర్తాద్ బుట్ట బరువు చూసి, “ఈసారి కొవ్వొత్తుల్లో రాళ్లేమైనా పోశావా?” అంది. రోజూ అయితే దీటుగా జవాబిచ్చేది. ఆ రోజు బుట్ట గట్టిగా పట్టుకుని లోపలికి నడిచింది.

మిలెసాంద్ బాగా చిక్కిపోయింది. గిబూర్ కూర్చోలేదు.

“అమ్మగారూ, ఒక మాట చెప్పాలి. విన్నాక ఇక రావద్దంటే రాను.”

మైనం పలుచన చెయ్యడం, గీతలు పడటం, ఒట్టు, తేనెబుట్టలు, అన్నీ వరసగా చెప్పింది. తన తరఫున ఒక్క మాట కలపలేదు. పదకొండు పలకలనూ బల్ల మీద పరిచి చేతులు కట్టుకుని నిలబడింది.

మిలెసాంద్ ఒక పలక తీసి కిటికీ వెలుతురుకు వంచింది.

“అయితే ఇరవయ్యారేళ్లుగా మైనంలో నన్ను మోసం చేశావు.”

“చేశానమ్మగారూ.”

“సెయింట్ లుబేన్ వేలి మీద ఒట్టేసి.”

“ఒట్టు మైనం గురించే అనుకున్నాను. అనుకోలేదు కూడా. అనుకుందామని చూశాను.”

ఆవిడ భుజాలు కదిలాయి. గిబూర్ భయపడి దగ్గరికి వెళ్లింది. మిలెసాంద్ నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, రెండింటినీ ఆపుకోలేకపోతోంది.

“నీ పిసినారితనానికి వెయ్యి దండాలు గిబూర్. చూడు, ఇది ఆయన చెయ్యే. నాది తేలిక చెయ్యి, ఒక్క గీతా దిగలేదు. అన్నీ ఆయనవే.”

పలక మీద వేలు నడిపింది. ఉత్తరం మీద ఉత్తరం పడి చిక్కుపడిన ఉన్నిలా ఉంది. ఇక్కడొక ‘నక్షత్రం’, అక్కడొక ‘కాదు’, దాని కింద మరో ‘కాదు’. “ఎన్ని కాదులో చూడు, నేను ఏమన్నా కాదనేవాడు,” అంటూ మరో పలక తీసింది, ఇంకోటి తీసింది. తీస్తున్నకొద్దీ మొహం మారింది. పలకలన్నీ పక్కపక్కనే పేర్చి, అన్నిటి మీదా ఒకే చోట వేలు పెట్టి చూసుకుంది.

“మిగతాదంతా కలగాపులగం. ఒక్క వరస మాత్రం అన్నిటి మీదా సాఫీగా ఉంది. పై నుంచి రెండోది. ప్రతి ఉత్తరంలో అదే చోట అదే మాట రాసేవాడు కదా, ఉలితో తొలిచినట్టు పడింది.”

“మీ పేరా అమ్మగారూ?”

“కాదు. నీ పేరు.”

గిబూర్‌కు అర్థం కాలేదు. మిలెసాంద్ లాటినులో చదివి, ఇంటి మాటల్లో చెప్పింది.

“‘గిబూర్ నడిచి వచ్చింది. ముందు ఆమెకు వేడిగా ఏమైనా పెట్టు, తర్వాత నన్ను చదువు.’ నువ్వు ఇక్కడ పడిపోయావని నేను రాశాను చూడు, ఆ తర్వాతి ఉత్తరం నుంచి చివరిదాకా ఇదే.”

“మరి అది మఠం ఆచారం కాదా?”

“ఈ మఠానికి అలాంటి ఆచారం ఏనాడూ లేదు. బెర్తాద్‌ను అడుగు.” ఆవిడ ఏదో గుర్తొచ్చి ఆగింది. “క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నీకేమైనా పెట్టానా?”

“లేదమ్మగారూ. దానిదేముంది.”

మిలెసాంద్ తల వంచుకుంది. గిబూర్‌కు మాత్రం బాధగా లేదు. చెప్పలేనంత సంతోషంగా ఉంది, కొంచెం సిగ్గుగానూ ఉంది. ఎదుటివాళ్ల ప్రేమను బుట్టలో మోస్తున్నానని అనుకుంటూ తిరిగింది గానీ, అందులో తన పేరూ ఉందని ఇన్నేళ్లూ తెలియదు.

“నా పేరు ఎక్కడుందో చూపించండి,” అంది.

మిలెసాంద్ ఆమె వేలు పట్టుకుని ఆ గీతల మీద పెట్టింది. గిబూర్ మొదటి గీత నుంచి చివరి గీత దాకా మెల్లగా తడిమింది. మళ్లీ మొదటికొచ్చి తడిమింది. లోతుగానే ఉంది.

మిలెసాంద్ ఆ పలకను తీసుకుని, మరోదానితో ఎదురెదురుగా మూసి, ఒళ్లో పెట్టుకుంది. “బెర్తాద్, జావ తీసుకురా. వేడిగా,” అని కేక వేసింది.

ద్వారం వైపు నుంచి బెర్తాద్ గొంతు వచ్చింది. “ఇప్పుడెందుకు? ఉత్తరమేమైనా వచ్చిందా?”

“వచ్చింది,” అంది మిలెసాంద్.

గిబూర్ పొయ్యి పక్కన తన పాత చోట్లో కూర్చుంది. జావలో ఆ రోజు ఉల్లికాడలు కూడా వేశారు. తొందరపడకుండా రొట్టె ముంచుకుని తింది. ఆమె గిన్నె ఖాళీ అయ్యేదాకా మిలెసాంద్ పలక తెరవలేదు.